లోకల్ అనే మాటతోని నా తకరారు

నాకు తెలిసిన మొదటి లోకల్ రైలు.

బొంబాయి పక్క భీవండిల మేముండే గల్లీ దిక్కు రైలు రాకపోయేది. సుట్టాల ఇంట్ల పెండ్లో, ఎవలన్న పోయిన కబురో వస్తె బాపు మమ్ముల కళ్యాణ్ దాక తీస్కపోయి ఆడ లోకల్ ఎక్కించేటోడు. "లోకల్ వచ్చె, నా కొంగు వట్టుకో" అని అవ్వ ఒర్రేది. దిగేటోళ్లు దిగక ముందే ఎక్కేటోళ్లు మీదవడేటోళ్లు. నా చెయ్యి అవ్వ కొంగుకు, అవ్వ చెయ్యి బాపు అంగీకి. కూసోను జాగ దొరికిన యాది నాకు ఒక్కసారి గూడ లేదు. అందుకే చిన్నప్పుడు నా లెక్కల లోకల్ అంటె ఆగనిది, ఆగినా మనకు జాగ ఇయ్యనిది. ఒక ఊర్ల కుదురుగ ఉండేటోళ్లను గూడ గా మాటతోనే పిలుస్తరని తెలిసేసరికి మస్తు ఏండ్లు వట్టింది. తెలిసినంక గూడ దానితోని నాకు నిమ్మలం లేదు.

మా తాత సిద్దిపేటల చీరెలు నేసిండు. ఆ మగ్గం మీద ఇల్లు ఎల్లక, బాపు పెండ్లి కాంగనె భీవండి వొయి పవర్‌లూమ్ కార్ఖానల వడ్డడు. నేను ఆడనె పుట్టిన. మున్సిపాలిటీ వాళ్ల తెలుగు బడిల ఏడో తరగతి దాక సదివిన. గల్లీల మరాఠీ, కార్ఖాన కాడ హిందీ, ఇంట్ల సిద్దిపేట తెలుగు. ఆడి పిల్లలు మమ్ముల మద్రాసీలు అనేటోళ్లు. మద్రాసు ఏ దిక్కున్నదో మా అవ్వకు ఇప్పటికీ ఎరుక లేదు.

నేను ఏడు పాసైన ఎండకాలం బాపుకు దమ్ము ఎక్కువైంది. పత్తి దుమ్ము ఊపిరితిత్తులల్ల వట్టిందని దవాఖానల చెప్పిన్రు. ఇగ కార్ఖానల నిలవడే పని లేదు. గిన్నెలు, బొంతలు మూటగట్టుకొని సిద్దిపేటకు వచ్చినం. తాత మగ్గం మీది బూజు దులిపి బాపు మల్ల దాని ముంగట కూసున్నడు. అవ్వ కండెలు చుట్టేది. నేను ఆడపిల్లల సర్కారు బడిల ఎనిమిదో తరగతిల చేరిన.

మొదటి దినమే నా నోట్లకెల్లి మరాఠీ మాట వడ్డది. సారు పాఠం సాగదీస్తుంటె పక్కనున్న పిల్లతోని "కంటాల వస్తుంది" అన్న. ముందు బెంచీల ఇద్దరు ఎన్కకు మర్రి చూసి కిసకిస నవ్విన్రు. "బొంబాయి పోరి" అని ఆ దినమే పేరు వెట్టిన్రు. పక్కనున్న పిల్ల మాత్రం నవ్వలే.

"కంటాల అంటె ఏంది?" అని మెల్లగ అడిగింది.

"ఎప్పుడు అయిపోతదా అనిపిచ్చుడు."

"ఓ, గదా. గీడ యాష్టకొస్తుంది అంటరు. గట్ల అను, ఎవ్వలు నవ్వరు."

గట్ల అయ్యింది నా దోస్తు. గీ ఊరి మాటలు నాకు సాపుగ నేర్పింది ఆమెనే. కొన్ని దినాలకు వాళ్ల ఇంటికి పోతె తెలిసింది, వాళ్ల అమ్మానాన్నలది గుంటూరు దిక్కు పల్లె అని. నాన్న ఇరిగేషన్ ఆఫీసుల పని మీద సిద్దిపేటకు వచ్చి ఈడనే ఉండిపోయిండు. దోస్తు ఈడి దవాఖానల్నే పుట్టింది, ఈడి బడులల్లనే సదివింది. గడప లోపట వచ్చాడు, వెళ్ళాడు. గడప దాటంగనె వచ్చిండు, పోయిండు. గంత అలకగ నాలిక మార్చేది. వాళ్ల అమ్మ నన్ను చూసినప్పుడల్లా "ఏమ్మాయ్, తిన్నావా? చేతులు కడుక్కుని రా" అనేది. అన్నం మీద నెయ్యి వోసేటప్పుడు నేను సాలనేదాక ఆపకపోయేది.

సిద్దిపేటల లోకల్ అంటె రైలు కాదని మెల్లమెల్లగ ఎరుకైంది. భీవండిల ఉన్న మేనమామకు ఫోన్ చేద్దామని బూతుకు పోతె "లోకలా, ఎస్టీడీయా?" అని అడిగేటోళ్లు. దుకాణంల సబ్బు అడిగితె "గిది కంపెనీది, గిది లోకల్" అని రెండోది జర పక్కకు జరిపి వెట్టేటోళ్లు. గా జరుపుడుల్నే దాని విలువ తెలిసేది. నాకు పన్ను పీకేటప్పుడు డాక్టర్ సూది తీసి "భయపడకు, లోకలే ఇస్తున్న, దవడ ఒక్కటే మొద్దువారుతది" అన్నడు. ఒక్క మాట ఇన్ని తీర్ల తిరుగుతుంటె నాకు ఇంగ్లీషు మీద సోకు వుట్టింది. డిగ్రీల ఇంగ్లీషు తీసుకున్న, బీఈడీల గూడ అదే. దోస్తు గూడ అదే తీసుకున్నది. ఇద్దరం ఒక్క ప్రైవేటు బడిల టీచర్లమైనం. సాయంత్రాలు వాళ్ల ఇంట్ల కూసొని సర్కారు టీచర్ కొలువు పరీక్షకు సదివేది.

గా ఏండ్లల్లనే తెలంగాణ ఉద్యమం మల్ల లేసింది. ఊర్ల ఒక్క పని గూడ కుదురుగ జరుగకపోయేది. ఇయ్యాల బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి వంటావార్పు. పొద్దుగాల బడికి పోతె తెరిచి ఉంటదో లేదో తెల్వది. తెరిస్తె పాఠం సగంల ఊరేగింపు వచ్చేది, పిల్లలు కిటికీలల్ల వడేటోళ్లు, నేను గూడ చాక్‌పీసు చేతులనే ఉంచుకొని కిటికీ కాడికి పోయేదాన్ని. కాలు ఒక్క తీరుగ నిలవకపోయేది. బస్టాండు కాడ రిలే దీక్షల డేరా వేసిన్రు. ప్రైవేటు టీచర్ల వంతు వచ్చిననాడు నేను, దోస్తు పక్కపక్కన కూసున్నం. ఆమె చేతిరాత ముత్యాల లెక్కుంటది. డేరాకు కట్టిన అట్టల మీద నినాదాలు సగం ఆమె రాసినయే.

గోడల మీద గూడ నినాదాలు లేసినయి. వాటిల ఒకటి, బడికి పోయే తొవ్వల, నాన్‌లోకల్‌లు వాపసు పోవాలె అని ఎర్ర రంగుతోని. దాని ముంగటికెల్లి మేమిద్దరం ఎన్నిసార్లు నడిచినమో. ఆ గోడ వచ్చేసరికి ఇద్దరికీ నడక జర జోరయ్యేది.

పరీక్ష రాసినం. ఇద్దరికీ మంచి మార్కులు వచ్చినయి, నాకు ఆమె కన్న జర ఎక్కువనే. సర్టిఫికెట్లు చూసేదానికి అప్పటి మా జిల్లా ఆఫీసు ఉన్న సంగారెడ్డికి పిలిచిన్రు. హాలుల ఒక పెద్దాయన, అద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నయి, నా కాయిదాలు ఒక్కొక్కటి తిప్పిండు.

"నాలుగు నుంచి పది దాక ఎక్కడ చదివినవమ్మా?"

"ఏడు దాక భీవండిల సార్. ఎనిమిది కెల్లి సిద్దిపేటల."

"అయితె నాన్‌లోకల్."

నాకు సమజ్ కాలే. "సార్, మాది సిద్దిపేటనే. మా తాత, ముత్తాత అందరు గీడోళ్లే. మగ్గం ఇప్పటికీ ఇంట్లనే ఉన్నది."

ఆయన తలెత్తి చూసిండు. కోపం లేదు, ఎగతాళి లేదు. "తాతది అక్కెర లేదమ్మా, నీది కావాలె. పది పరీక్షకు ముందు నాలుగేండ్లు వరుసగ ఈ జిల్లాల చదివి ఉండాలె. నీకు మూడే ఉన్నయి. ఓపెన్ కోటల వస్తె వస్తది. నేనేం చేయలేను."

నా ఎన్కనే దోస్తు. ఆమె కాయిదాలు చూసుడు జల్ది అయిపోయింది. "లోకల్" అని ఆయన పెన్నుతోని టిక్కు వెట్టిన చప్పుడు నాకు వినవడ్డది.

వాపసు వచ్చేటప్పుడు గజ్వేల్ కాడ బస్సు ఆగింది. రోడ్డు మీద వంటావార్పు. పొయ్యిరాళ్లు వెట్టి పెద్ద గంజులల్ల కిచిడి ఉడుకవెడుతున్నరు. మార్కెట్ల కూరగాయలు అమ్మే ఆడోళ్లు గంపలు దింపి రోడ్డు మీదనే వంకాయలు కోస్తున్నరు. డప్పులు, పాటలు, కట్టె పొగ. బస్సుల ఎండ, ఉక్కపోత. దోస్తు కిటికీ పక్కన, నేను ఈ పక్కన.

"నువ్వు మాట్లాడుత లేవు" అన్నది.

"ఏం మాట్లాడాలె?"

"నాకు రావద్దనిపిస్తుంది ఆ కొలువు."

"వస్తె వద్దనకు" అన్న.

గంతల్నే ఒక పెద్దామె, చేతులకు పిండి అంటి ఉన్నది, బస్సు మెట్టు మీద నిలవడి "దిగున్రి బిడ్డా, తిని పోండ్రి. రోడ్డు ఇప్పట్ల ఇడువరు" అన్నది. దిగినం. విస్తరాకులల్ల కిచిడి వెట్టింది. "ఏ ఊరు బిడ్డ మీది?" అని అడిగితె ఇద్దరం ఒక్కపారే "సిద్దిపేట" అన్నం. ఆమె నవ్వి ఇంకో గంటె వేసింది. విస్తరాకు పట్టుకొని ఆ డప్పుల నడుమ అటు ఇటు తిరిగిన. దోస్తు నన్నే చూసుకుంట నిలవడ్డది.

ఇంటికి వొయి అవ్వతోని చెప్పిన. అవ్వకు ఇంగ్లీషు రాదు. లోకల్ అంటె ఆమె లోకం అనుకున్నది.

"గీ లోకందానివి కాదంటున్నరా నిన్ను? నేను నవమాసాలు మోసిన గదనే!"

బాపు మగ్గం ఆపి నవ్విండు, నవ్వుతోనే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గినంక నవ్వు లేదు. "బతుకపోయింది నేను. పట్టుకున్నది నిన్నా?" అన్నడు. ఆ మాట తర్వాత ఆయన ఆ దినమంత నేతకు కూసోలే. వాకిట్ల మంచం మీద కూసుండుడు, లేసుడు.

కొలువు దోస్తుకు వచ్చింది. గజ్వేల్ దిక్కు ఒక ఊరి బడిల పోస్టింగ్. నాకు రాలే.

ఉద్యమ సభలల్ల బాగ మాట్లాడే ఒక లెక్చరర్ సారు ఉండె. ఈ ముచ్చట ఆయన చెవుల వడ్డది. ఒకనాడు మా ఇంటికి వచ్చి మగ్గం పక్కన పీట మీద కూసున్నడు.

"నువ్వు స్టేజీ ఎక్కాలెనమ్మా" అన్నడు. "నేత కార్మికుని బిడ్డ నాన్‌లోకల్, గుంటూరు నుంచి వచ్చినోళ్ల బిడ్డ లోకల్. మనం ఏండ్ల సంది చెప్పుకుంట వస్తున్న అన్యాయం నీ ఒక్క దానిల ఉన్నది. మార్కులు గూడ నీకే ఎక్కువ గదా?"

"ఆమె దొంగతనం చెయ్యలే సార్. ఆమె గీడనే సదివింది."

"చేసిందని ఎవరన్నరు? జరిగింది జరిగినట్టు చెప్పు. ఎవలికి వచ్చిందో గూడ చెప్పు. అంతే."

ఆలోచిస్తనని చెప్పి పంపిన. ఆయన చెప్పినదాంట్ల అబద్ధం ఒక్కటి లేదు. గదే నన్ను తినుడు మొదలువెట్టింది. అన్నం ముంగట కూసుంటె అన్నం తినబుద్ధి కాలే, బడిల పాఠం చెప్పబుద్ధి కాలే. ఏం చెయ్యాల్నో తెల్వక లైబ్రరీకి వొయి పెద్ద డిక్షనరీ తీసిన. ఇంగ్లీషు టీచర్‌ను గదా, మాట నన్ను గింత గోస వెడుతుంటె అది ఏడికెల్లి వచ్చిందో చూద్దామనిపిచ్చింది.

లాటిన్ల లోకస్ అంటె జాగ. అంతే. ఇల్లు కట్టే జాగ, కూసునే జాగ. మా అవ్వ అనుకున్న లోకానికి, దానికి సుట్టరికం లేదు. ఫ్రెంచిల నుంచి ఇంగ్లీషుకు వచ్చిన కొత్తల ఆ మాటను వైద్యం పుస్తకాలల్ల వాడిన్రంట: ఒంట్ల ఒక్క జాగల్నే ఉండి మిగిలిన ఒంటికి పాకని నొప్పిని, వాపును లోకల్ అన్నరు. నాకు పన్ను పీకిన డాక్టర్ వాడింది పాత అర్థమే అన్నట్టు. తర్వాత తర్వాత ఒక సీమకు చెందిన ఏదైనా లోకల్ అయ్యింది. ప్రతి స్టేషన్ల ఆగే రైలు లోకల్ అయ్యింది. నేను ఆగనిది అనుకున్న, అది అన్ని జాగల ఆగేదంట. ఆ ఊరి మనిషి గూడ లోకల్ అయ్యిండు. ఇంగ్లండుల అయితె ఇంటి దగ్గరి తాగుడు దుకాణాన్ని గూడ గట్లనే పిలుస్తరంట.

నాన్‌లోకల్ అనే మాటకు మాత్రం ఆ పుస్తకంల పెద్ద ముచ్చట లేదు. ముందట నాన్ తగిలిస్తె కాదని అర్థం, అంతే. గని మా ఊర్ల దానికి ముచ్చట ఉన్నది. పెద్దోళ్లు నైజాం కాలం మాటతోని ఈడోళ్లను ముల్కీ, బయటోళ్లను గైర్ముల్కీ అనేటోళ్లు. కొలువులు బయటోళ్లకు పోతున్నయని మా కన్న ముందటి తరం పోరగాండ్లు రోడ్డెక్కింది ఆ మాట మీదనే. ఆ మాట పోయి ఇంగ్లీషు మాట వచ్చింది, లొల్లి అదే. మా ఊరోళ్లకు న్యాయం చేసేదానికి వచ్చిన మాటే అది. గది నాకు తెలుసు. అందుకే దాని మీద నాకు కోపం గూడ సక్కగ రాలే. పుస్తకం మూసి, సభకు వస్తనని లెక్చరర్ సారుకు కబురు వెట్టిన.

సభ నాడు స్టేజీ ఎక్కిన. మైకు నా మూతికన్న ఎత్తుల ఉన్నది, ఎవలో వచ్చి దించిన్రు.

"నేను నాన్‌లోకల్‌ను" అని మొదలువెట్టిన.

మంది నవ్విన్రు, యాక్టింగ్ చేస్తున్న అనుకున్నరు. నేను నవ్వలే. తాత మగ్గం చెప్పిన, భీవండి చెప్పిన, బాపు దమ్ము చెప్పిన, మూడేండ్లు నాలుగేండ్లు కాలేదని చెప్పిన. మెల్లగ నవ్వులు ఆగినయి. ఆడోళ్ల దిక్కు ఎవలో "అయ్యో బిడ్డా" అన్నరు. భీవండి, షోలాపూర్ వొయి వచ్చిన ఇండ్లు మా ఊర్ల ఎన్ని లేవు.

గంతల మంది నడుమకెల్లి ఒక గొంతు లేసింది. "మరి నీ జాగ ఎవలికి పోయింది? చెప్పు!"

ఎన్కకెల్లి లెక్చరర్ సారు "చెప్పమ్మా" అన్నడు.

"నా జాగ ఎవ్వలు గుంజుకోలే" అన్న. "బతుకపోయి వాపసు వచ్చిన మా అసొంటోళ్ల పిల్లలది ఏ జాగనో ఆ కాయిదం రాసినోళ్లు సోంచాయించలే. రేపు మన రాజ్యం వస్తె మీరన్న సోంచాయించున్రి. నేను గదే అడుగొచ్చిన."

సగం మంది చప్పట్లు కొట్టిన్రు, సగం మంది ఊకున్నరు. లెక్చరర్ సారు మైకు అందుకొని నినాదం ఇచ్చిండు. స్టేజీ దిగేటప్పుడు "చెప్పాల్సింది చెప్పనే లేదు" అని నాకే వినవడేటట్టు అన్నడు.

నేను గెలిచిన అనుకున్న. తెల్లారి దోస్తు ఇంటికి పోయేదాక గదే అనుకున్న.

ఆమె తలుపు తీసి ఎన్కకు మర్రి లోపటికి వొయింది. రమ్మనలే.

"నీ పేరు చెప్పలే నేను" అన్న.

"పేరు చెప్పలేదని దండం వెట్టమంటవా? ఊరందరికి తెలుసు అది ఎవలో. మా అమ్మ కూరగాయలకు పోతె ఒకామె అడిగిందంట, మీ బిడ్డనేనా ఆ కొలువు కొట్టుకపోయింది అని."

"ఆ మాట నేను అనలే."

"నువ్వు అనలే. నువ్వు నీ ముచ్చట చెప్పుకున్నవ్. నీ ముచ్చటల నేనున్న గదా! నువ్వు లోకల్ కావాలంటె నేను నాన్‌లోకల్ కావాల్నా? ఇద్దరికి జాగ లేదా గీ ఊర్ల?"

"మార్కులు నాకు ఎక్కువొచ్చినయి" అన్న. ఎందుకు అన్ననో తెల్వది, నోట్లకెల్లి వచ్చింది.

వాళ్ల అమ్మ వంటింట్లకెల్లి రెండు గ్లాసులతోని వచ్చి "మీరిద్దరూ ఎందుకమ్మా ఇలా? ముందు కాఫీ తాగండి, తర్వాత పోట్లాడుకోండి" అన్నది. కాఫీ మీద మీగడ కట్టేదాక ఇద్దరం గ్లాసులు చూసుకుంట కూసున్నం. నేను లేసి వచ్చేసిన.

ఆ తర్వాత మాటల్లేవు. ఆమె పొద్దుగాల గజ్వేల్ బస్సుకు పోయేది, నేను బడికి. బస్టాండు కాడ ఎదురైతె ఆమె బోర్డు దిక్కు చూసేది, నేను డేరా దిక్కు చూసేదాన్ని. వాళ్ల నాన్న రిటైరైనంక ఇద్దరు పెద్దోళ్లు గుంటూరు దిక్కు ఎల్లిపోయిన్రని, ఆమె ఒక్కతే రూము కిరాయికి తీసుకొని ఉంటుందని తెలిసింది. వాళ్ల అమ్మ పోయేముందు మా ఇంటికి వచ్చి పోయిందంట. నేను ఇంట్ల లేను. అవ్వ చేతిల ఒక ఆవకాయ సీసా వెట్టి "పిల్లల్ని చూసుకోండి" అన్నదంట. పిల్లల్ని అని ఇద్దరినీ కలిపి అన్నదని అవ్వ నాకు మల్ల మల్ల చెప్పింది.

తర్వాత పెద్ద సమ్మె వచ్చింది. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులు లేవు. ఊరు ఊరంత రోడ్డు మీదనే ఉండేది. ఆ దినాలల్ల గజ్వేల్ దిక్కు బడిల పనిచేసే ఇంకో టీచర్ కలిసి, "మీ దోస్తు ఆడ దీక్షల కూసున్నది, ఎరుకేనా?" అన్నది. నాకు ఎరుక లేదు. ఇంట్ల కూసోబుద్ధి కాలే. షేరింగ్ ఆటో దొరకవట్టుకొని పోయిన.

డేరాల టీచర్లు వరుసగ కూసొని ఉన్నరు. ఆమె చివర్ల ఉన్నది, మెడల బంతిపూల దండ, పెదవులు ఎండిపోయి ఉన్నయి. పక్కన నిలవడ్డ ఒక ముసలామె నాకు చెప్పింది, "మా బడి పంతులమ్మ. పొద్దటి సంది మంచినీళ్లు తప్ప ఏం ముట్టలే."

దోస్తు నన్ను చూసింది. కొంచెం జరిగింది.

"వచ్చినవా? కూసో."

కూసున్న. నినాదం వచ్చినప్పుడల్లా ఇద్దరం చెయ్యి ఎత్తినం.

"మా నాన్న టీవీల చూసిండంట నన్ను" అన్నది. "గప్పటికెల్లి ఫోన్ ఎత్తుత లేడు."

"మరి ఎందుకు కూసున్నవ్?"

"ఏడ కూసోవాలె చెప్పు. గుంటూరు పోతె తెలంగాణ పిల్ల వచ్చింది అంటరు. మా మేనత్త బిడ్డలు నా మాట ఇని నవ్వుతరు. గీడ గోడల మీద పోండ్రి అని రాస్తరు. నేను పుట్టింది గీడ, నా బడి పిల్లలు గీడ. వాళ్లకు రేపు కొలువులు రావద్దా?" దండ తీసి ఒడిల వెట్టుకున్నది, మెడకు కుచ్చుతున్నట్టున్నది. "మార్కులు నీకే ఎక్కువొచ్చినయి. గది నిజమే."

"నిజమైతె ఏం జేస్తం" అన్న.

ఆమె నా భుజం మీద తల వెట్టి కండ్లు మూసుకున్నది. ఆకలికి నీరసం వచ్చిందేమో. సాయంత్రం ఆ ముసలామె వచ్చి నిమ్మరసం తాగిచ్చేదాక నేను కదలలే.

రాజ్యం వచ్చిందని తెలిసిననాడు సిద్దిపేటల నిలవను జాగ లేకుండె. గులాల్ చల్లుకుంట, పటాకులు కాల్చుకుంట, ఎరుకున్నోళ్లు ఎరుకలేనోళ్లు అలాయిబలాయి తీసుకున్నరు. దోస్తు గులాబీ మొఖంతోని మా ఇంటికి వచ్చింది. అవ్వ చక్కెర తెచ్చి ఆమె నోట్ల వోసింది.

"మా అమ్మ ఫోన్ చేసింది" అన్నది దోస్తు. "నీకు సంతోషమేనా అమ్మా అని అడిగింది. అవునన్న. అయితే చాలు అన్నది. ఎన్కకెల్లి మా నాన్న దగ్గిన చప్పుడు వినవడ్డది. దూరం పోలే, ఆడనే నిలవడి ఇన్నడు."

నాకు సంతోషమే. ఎవలడిగినా గదే చెప్త. గని నా పానం మాత్రం ఆ దినం గూడ ఒక్క జాగల నిలవలే. గుంపులకు పోయి ఆడిన, ఇంటికి వచ్చిన, మల్ల పోయిన.

రాజ్యం వచ్చిన కొన్నేండ్లకు రూలు మారింది. నాలుగు నుంచి పది కాదు, ఇగ ఒకటి నుంచి ఏడు దాక సదివిన జాగ చూస్తరన్నరు. నా ఒకటి నుంచి ఏడు మొత్తం భీవండిల్నే. వెనకటి లెక్కల ఒక్క ఏడు తక్కువైన నేను, ఈ లెక్కల అసలుకే లేకుంట పోయిన. బాపుకు చెప్పలే. ఆయన అప్పటికే మగ్గం మీదికెల్లి దిగి మంచం పట్టిండు. నేను ప్రైవేటు బడిల్నే ఉండిపోయిన, ఇప్పుడు గూడ ఆడనె పాఠాలు చెప్తున్న. ఆ పరీక్ష మల్ల రాయలే.

దోస్తుకు గజ్వేల్ కెల్లి నారాయణరావుపేట దిక్కు బదిలీ అయ్యింది. కొత్త జిల్లాలు అయినంక సర్కారు టీచర్లను సీనియారిటీ చూసి జిల్లాలకు పంచిన్రు. సిద్దిపేట అడిగినోళ్లు ఎక్కువున్నరు. ఆమె సీనియారిటీ ఆ వరుసల అందలే. సంగారెడ్డి దిక్కు వడ్డది. పుట్టినకాంచి ఊరు ఇడువని మనిషి సామాన్లు గట్టుకున్నది. వ్యానుల బీరువ ఎక్కిచ్చేటప్పుడు నేను ఒక పక్క పట్టుకున్న, ఆమె ఒక పక్క.

"పోవద్దనిపిస్తుందే" అన్నది.

కుక్కరు, పరుపులు, పుస్తకాల డబ్బలు అన్ని ఎక్కిచ్చినం. ఆఖరుకు ఆమె వ్యాను ముందట డ్రైవర్ పక్కన కూసొని చెయ్యి ఊపింది. నేను మలుపు దాక ఎంబడి నడిచిన.

వారం గడిచినంక ఫోన్ చేసింది. కొత్త ఇంటి ఓనరమ్మ మంచిదంట, నీళ్లకు కష్టం లేదంట, బడి దగ్గర్నే అంట. ఆ ఓనరమ్మ మొదటి దినం ఈమె మాట వినంగనె "మీరు సిద్దిపేటోళ్లా?" అని అడిగిందంట.

"ఏమన్నవ్ మరి?" అన్న.

"అవునన్న. ఇంకేమంట?" అన్నది. ఎన్కకెల్లి పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడు వస్తె, "ఉండు, మల్ల చేస్త" అని పెట్టేసింది.

ఫోన్ చేతుల్నే ఉన్నది. కూసోబుద్ధి కాక చెప్పులేసుకొని బయటికి వచ్చిన. అవ్వ వాకిట్ల చాటల బియ్యం ఏరుకుంట, "గీ ఎండల ఏడికే?" అన్నది. ఏడికో నాకు గూడ తెల్వలే. "గిట్ల వొయ్యొస్త" అని గల్లీ దాటిన.